జిబ్ చుట్టే డ్రమ్ము కొనే ముందు

విశాఖ తీరంలో చిన్న తెరచాప పడవలు నడిపే పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయం మీద ఉన్నాయి. పడవ ముక్కు దగ్గరి తెరచాపను, అంటే జిబ్‌ను, వెనక కూర్చున్నచోటు నుంచే తాడు లాగి చుట్టేసే ఫర్లర్ గురించి అవి. కొత్తవారి కోసం నాలుగు మాటలు ముందే చెబుతాం. తెరచాప స్తంభం మాస్టు. దాని నుంచి పడవ ముక్కుకు దిగే తీగ ఫోర్‌స్టే. జిబ్ ముందంచు లఫ్, వెనకంచు లీచ్. జిబ్‌ను పైకెత్తే తాడు హాలియార్డ్, గాలికి తగ్గట్టు బిగించే తాడు షీట్.

ప్రశ్న: మాది 18 అడుగుల ఫైబర్ పడవ. జిబ్ సుమారు 8 చదరపు మీటర్లు. ఫోర్‌స్టేకు కొక్కేలతో తగిలిస్తాం. గాలి పెరిగాక ముందుకు పాకి దాన్ని దించడం మా ఇద్దరికీ కష్టమవుతోంది. ఒకరు అల్యూమినియం ఫాయిల్ ఉన్న ఫర్లర్ కొనమంటున్నారు, మరొకరు చిన్న డ్రమ్ము చాలంటున్నారు. ఏది మేలు?
ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: జిబ్‌ను పూర్తిగా చుట్టి పక్కన పెట్టడమే మీకు కావాలా, లేక సగం చుట్టి మిగిలిన సగంతో పడవ నడపాలా? ముందు ఇది తేల్చుకోండి. దుకాణంలో రెండింటినీ ఫర్లర్ అనే అమ్ముతారు కానీ పని వేరు, భాగాలు వేరు, ధరలోనూ చాలా తేడా ఉంటుంది.

మొదటి రకంలో ఉండేవి రెండే ముక్కలు: కింద తాడు చుట్టుకునే డ్రమ్ము, పైన గిర్రున తిరిగే స్వివెల్. జిబ్ లఫ్ లోపల స్టీలు తీగ కుట్టి ఉంటుంది. తీగ కింది చివర డ్రమ్ముకు, పై చివర స్వివెల్‌కు షాకిల్‌తో, అంటే పిన్ను బిగించే లోహపు కొండీతో, తగులుతాయి. స్వివెల్‌ను హాలియార్డ్ పైకి లాగి పట్టుకుంటుంది. తాడు లాగితే డ్రమ్ముతో పాటు తీగ తిరిగి, గుడ్డ దాని చుట్టూ చుట్టుకుంటుంది. దీన్ని సగంలో ఆపి నడపకూడదు. తిప్పే బలం కింద పుడుతుంది, పైకి వెళ్లేసరికి తీగ కొంత మెలిపడి వెనకబడుతుంది. పూర్తిగా చుట్టినప్పుడు ఆ తేడా సర్దుకుంటుంది. సగంలో ఆపితే కింద బిగుతుగా, పైన వదులుగా ఉండి, పైభాగం గాలికి విచ్చుకుని కొట్టుకుంటుంది.

రెండో రకం ఇప్పుడున్న ఫోర్‌స్టే మీదికే తొడిగే ప్లాస్టిక్ ఫాయిల్, అంటే పొడవునా గాడి ఉన్న గొట్టం. సి.డి.ఐ. వారి ఫ్లెక్సిబుల్ ఫర్లర్ ఇలాంటిదే. జిబ్ లఫ్‌కు కుట్టిన టేపు ఆ గాడిలో జారుతూ పైకి వెళుతుంది. హాలియార్డ్ కూడా ఫాయిల్‌తోనే తిరుగుతుంది కాబట్టి పైన స్వివెల్ ఉండదు. ఫాయిల్ చుట్ట చుట్టి వస్తుంది. ఎండలో చదునైన నేల మీద పరిస్తే మెత్తబడి వంపు పోతుంది, మన ఎండకు అది కష్టం కాదు. దీనితో కొంతవరకు సగం చుట్టి నడపవచ్చు.

మూడోది అల్యూమినియం ఫాయిల్. సెల్డెన్ ఫర్లెక్స్, హార్కెన్, ప్రొఫర్ల్ లాంటివి ఈ కోవలోవి. కింద డ్రమ్ము, పైన ఫాయిల్ మీద జారే స్వివెల్ ఉంటాయి. ఫాయిల్ మెలిపడదు కాబట్టి పైనా కిందా ఒకేలా చుట్టుకుంటుంది. గాలికి తగ్గట్టు జిబ్ తగ్గించుకోవడానికి సరైనది ఇదే. కానీ 18 అడుగుల పడవకు మాస్టు తలదాకా అంత బరువు మోయించడం మాకు ఇష్టం లేదు. ఎత్తున పెట్టిన ప్రతి కిలో పడవను ఒరగనిస్తుంది.

మీకు మా సలహా మొదటి రకమే. 8 చదరపు మీటర్ల జిబ్‌ను ఇంకా తగ్గించి గాలికి ఎదురెక్కాలని చూస్తే కలిసొచ్చేది పెద్దగా ఏమీ లేదు. దానికి బదులు పెద్ద తెరచాపకు, అంటే మెయిన్‌కు, రీఫ్ వేసే, అంటే కింది భాగం మడిచి కట్టి చిన్నది చేసే, కళ్లు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఫర్లర్ కంటే ముందు అవి కుట్టించండి. జిబ్ పూర్తిగా చుట్టేసి మెయిన్ మొత్తం విప్పి ఉంచితే పడవ ముక్కు గాలివైపు తిరగాలని చూస్తుంది, చుక్కాని బరువెక్కుతుంది. మెయిన్‌కు రీఫ్ వేసి జిబ్ మొత్తం ఉంచితే చుక్కాని తేలిగ్గా నిలుస్తుంది. గాలి ఇంకా పెరిగితే అప్పుడు జిబ్ చుట్టి, రీఫ్ వేసిన మెయిన్‌తోనే ఒడ్డుకు రండి.

ఆర్డరు పెట్టే ముందు కొలతలు తీయండి. సముద్రాలు దాటి వచ్చే సామాను తిప్పి పంపడం మాటలు కాదు. ముక్కు దగ్గర డ్రమ్ము తగిలించే రంధ్రం నుంచి మాస్టు మీద హాలియార్డ్ కప్పీ దాకా దూరం 6 మీటర్లు అనుకుందాం. అందులో డ్రమ్ముకు 12 సెంటీమీటర్లు, స్వివెల్‌కు 8, షాకిళ్లకు 5, హాలియార్డ్ సాగడానికి, బిగించడానికి 10 తీసేయండి. మిగిలేది 5.65 మీటర్లు. మీ జిబ్ లఫ్ అంతకు మించకూడదు. మించితే తెరచాప కుట్టేవారు కిందినుంచి కోసి సరిచేయాలి. ఈ లెక్క వేయకుండా కొన్నవారి జిబ్ పైకి పూర్తిగా బిగుసుకోక, లఫ్ విల్లులా వంగి, చుట్టబోతే ముడతలు పడుతుంది.

ఇంకో నాలుగు సంగతులు. కొక్కేలు తీయించి లఫ్‌లో తీగ వేయించేటప్పుడు 1×19 అల్లిక అడగండి. 7×19 మెత్తగా ఉంటుంది, మెలి తేలిగ్గా తిరుగుతుంది, డ్రమ్ము తిప్పిన తిప్పు పైదాకా చేరదు. హాలియార్డ్ సాగని డైనీమా పోగుతో ఉండాలి. మామూలు నైలాన్ తాడుతో ఎత్తితే గాలికి లఫ్ వదులైపోతుంది. పాత ఫోర్‌స్టే తీసేయకండి, మాస్టును నిలబెట్టేది అదే. డ్రమ్మును దానికి వెనకగా, కనీసం అరచేతి వెడల్పు ఎడంతో బిగించండి. పైన స్వివెల్ దగ్గర కూడా అంత ఎడం ఉండాలి. లేకపోతే జిబ్‌తో పాటు ఫోర్‌స్టేను కూడా చుట్టుకుని బిగుసుకుపోతుంది. జిబ్‌లో అడ్డంగా వేసిన బద్దలుంటే తీయించండి, అవి చుట్టనివ్వవు.

ప్రశ్న: మా 24 అడుగుల పడవకు అల్యూమినియం ఫాయిల్ ఫర్లర్ ఉంది. సగం చుట్టాక బిగుసుకుపోతోంది. తాడును వించ్‌కు వేసి లాగితే కొంచెం తిరిగి మళ్లీ ఆగిపోతోంది. బేరింగులు మార్చాలా?
ఒక పాఠకురాలు, లాసన్స్ బే కాలనీ

జవాబు: ముందు వించ్ వాడటం ఆపండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. చేత్తో తిరగని ఫర్లర్‌ను వించ్‌తో తిప్పితే తిరిగేది ఫర్లర్ కాదు, లోపలి ఫోర్‌స్టే. తీగ పోగులు విడివడి ఒక్కొక్కటే తెగుతాయి. ఫాయిల్ లోపల ఉండటం వల్ల బయటికి కనబడవు. ఒకరోజు మాస్టే కూలుతుంది.

మీరు చెప్పినదాన్ని బట్టి మొదట అనుమానించాల్సింది బేరింగులను కాదు, హాలియార్డ్‌ను. పైన స్వివెల్‌కు రెండు భాగాలు ఉంటాయి. జిబ్ తగిలిన భాగం ఫాయిల్‌తో తిరగాలి, హాలియార్డ్ తగిలిన భాగం కదలకుండా నిలవాలి. అది నిలవాలంటే హాలియార్డ్ దాన్ని కాస్త వెనక్కి, మాస్టు వైపుకు లాగుతూ ఉండాలి. హాలియార్డ్‌కూ ఫోర్‌స్టేకూ మధ్య కోణం సుమారు 10 డిగ్రీలు ఉంటే చాలు. రెండూ సమాంతరంగా ఉన్నాయంటే పట్టుకునేది ఏదీ లేక స్వివెల్ మొత్తం తిరిగిపోతుంది, హాలియార్డ్ ఫాయిల్‌కు చుట్టుకుంటుంది. ఒకటి రెండు చుట్లు పడ్డాక అంతా బిగుసుకుంటుంది.

బైనాక్యులర్స్‌తో పైకి చూడండి. జిబ్ పూర్తిగా ఎత్తి ఉన్నప్పుడు స్వివెల్ ఫాయిల్ చివరికి బాగా కింద ఆగి ఉందా? అయితే జిబ్ లఫ్ పొట్టిది. జిబ్ పైమూలకూ స్వివెల్‌కూ మధ్య కావలసినంత పొడవు తీగముక్క, రెండు చివర్లా కన్ను వేయించి, తగిలించండి. స్వివెల్ పైకి వెళుతుంది, కోణం దానంతటదే వస్తుంది. తయారీదారు చెప్పిన హద్దు దాటి ఫాయిల్ కొసదాకా మాత్రం పోనివ్వకండి, స్వివెల్ గాడి తప్పుతుంది. స్వివెల్ పైదాకా వెళ్లినా కోణం రాకపోతే, మాస్టు ముందువైపున చిన్న గైడు బిగించి హాలియార్డ్‌ను దాని కిందుగా పోనివ్వాలి. దాన్ని హాలియార్డ్ రెస్ట్రెయినర్ అంటారు. హాలియార్డ్‌ను కాస్త వంచేలా ఉంటే చాలు. మరీ కిందికి పెడితే జిబ్ ఎత్తడమే బరువవుతుంది, తాడు అరుగుతుంది.

పైన అంతా సరిగా ఉంటే ఈ వరుసలో చూస్తూ రండి. హాలియార్డ్‌ను రెండు మూడు సెంటీమీటర్లు వదలండి. వెంటనే తేలిగ్గా తిరిగితే అతిగా బిగిస్తున్నారన్నమాట, లఫ్ మీది అడ్డ ముడతలు పోయేంత బిగువు చాలు. తర్వాత ఫోర్‌స్టే చూడండి. అది వదులైతే ఫాయిల్ విల్లులా వంగుతుంది, వంగిన గొట్టాన్ని తిప్పడం ఎప్పుడూ కష్టమే. తీగ తెగే బలంలో సుమారు 15 శాతం దాకా బిగువు ఉండాలి. టెన్షన్ గేజ్ ఎవరి దగ్గరైనా ఉంటే అరువు తెచ్చుకుని కొలవండి, చేత్తో నొక్కి చూసి చెప్పే అంచనా నమ్మకండి. స్పిన్నేకర్ (గాలివాలుకు ఎత్తే బుడగ తెరచాప) హాలియార్డ్ లాంటి అదనపు తాడు ఫోర్‌స్టే పక్కన వేలాడుతున్నా జిబ్‌తో పాటు చుట్టుకుంటుంది. దాన్ని మాస్టు దగ్గరికి లాగి కట్టండి. ఇవేవీ కాకపోతే జిబ్ దించేసి ఫాయిల్‌ను ఒట్టి చేత్తో తిప్పండి. అప్పుడు కూడా గరగరలాడితే బేరింగుల సంగతి చూడవచ్చు.

నీళ్ల మీద ఉండగా బిగుసుకుంటే పడవను గాలివాలుకు తిప్పండి. మెయిన్ నీడలో జిబ్ మీద గాలి తగ్గుతుంది. షీట్లు వదులు చేసి, చుట్టిన దిక్కుకు ఎదురుగా కొంత విప్పి, హాలియార్డ్ కాస్త వదిలి మళ్లీ చుట్టి చూడండి. హాలియార్డ్ మెలిపడి ఉండగా జిబ్‌ను కిందికి లాగినా రాదు, మెలి విప్పాకే దిగుతుంది.

ఒడ్డుకు వచ్చాక ఇంకొకటి చూడండి. డ్రమ్ము కింద, ముక్కు ఫిట్టింగ్‌కూ ఫోర్‌స్టేకూ మధ్య టాగుల్, అంటే రెండు దిక్కులా కదిలే కీలు, ఉందా? పైన మాస్టు దగ్గర కూడా ఒకటి ఉండాలి. చుట్టిన జిబ్ బరువుకు ఫోర్‌స్టే రోజంతా ఊగుతుంది. కీలు లేకపోతే ఆ ఊపంతా తీగ చివరి బిగింపు మీద పడి అక్కడే అలసి తెగుతుంది. డ్రమ్ము లోపల దాగిన టర్న్‌బకిల్‌కు, అంటే ఫోర్‌స్టే బిగువు సర్దే మరకు, స్ప్లిట్ పిన్నులు ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూడండి. కనబడదు కాబట్టి ఎవరూ చూడరు.

ప్రశ్న: డ్రమ్ము మీద తాడు పొర్లిపోయి చిక్కుపడుతోంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర కొన్న ఆకుపచ్చ ప్లాస్టిక్ తాడు వాడుతున్నాం, 8 మి.మీ.
ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: తాడు మార్చండి. ఆ తాడు తేలుతుంది కాబట్టి వలలకు మంచిదే. కానీ బిరుసుగా ఉండి డ్రమ్ము మీద అణగదు, ఎండకు త్వరగా పొడిబారి పోగులు లేస్తుంది. మీకు కావలసింది అల్లిన పాలియెస్టర్ తాడు, చిన్న పడవకు 6 మి.మీ. నైలాన్ వద్దు, సాగుతుంది. 6 మి.మీ. కూడా డ్రమ్ములో పట్టకపోతే, డ్రమ్ము మీద చుట్టుకునే భాగం వరకు లోపలి పోగు లాగేయండి. పై అల్లిక ఒక్కటే పట్టీలా చదునుగా కూర్చుంటుంది. చేత్తో పట్టే భాగంలో లోపలి పోగు ఉంచండి.

ఎన్ని చుట్లు ఉండాలనేది ఇలా తేల్చండి. జిబ్‌ను గట్టిగా చుట్టి, దాని మీద షీట్లు కూడా మూడు చుట్లు పడనివ్వండి. అప్పటికి డ్రమ్ము మీద తాడు ఇంకా మూడు నాలుగు చుట్లు మిగలాలి. పెద్దగాలిలో గుడ్డ ఇంకా బిగుతుగా చుట్టుకుంటుంది, అప్పుడు ఎక్కువ తిప్పులు పడతాయి. ఒడ్డున చిరుగాలిలో సరిగ్గా సరిపోయిన తాడు గాలివానలో చాలక, జిబ్ మూర బయట ఉండగానే ఆగిపోతుంది.

పొర్లిపోవడానికి అసలు కారణం ఎక్కువగా విప్పే పద్ధతిలో ఉంటుంది. షీట్ ఒక్కసారి లాగి తాడు వదిలేస్తే డ్రమ్ము విసురుగా తిరుగుతుంది, తాడు వదులు వదులుగా పడి కింది చుట్లలో దిగబడుతుంది. విప్పేటప్పుడు తాడు చేతిలోనే ఉంచి కొంచెం కొంచెంగా వదలండి. మొదటి కప్పీ డ్రమ్ము నడిమి ఎత్తులో ఉండి, తాడు ఫోర్‌స్టేకు లంబంగా వస్తోందో లేదో చూడండి. కోణం తప్పితే తాడంతా డ్రమ్ము పైకో కిందికో పోగుపడుతుంది.

ప్రశ్న: జిబ్‌ను చుట్టి పడవ మీదే వదిలేయవచ్చా? తుపాను రోజుల్లో ఏం చేయాలి?
ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: మామూలు రోజుల్లో వదిలేయవచ్చు, లీచ్ అంచునా కింది అంచునా ఎండను ఆపే గుడ్డ పట్టీ కుట్టి ఉంటేనే. పట్టీ లేని జిబ్ పైచుట్టు ఎండకు పాడై, గోరుతో గీస్తే చిరిగే స్థితికి వస్తుంది. పట్టీ కుట్టించే ముందు మీ డ్రమ్ము ఎటు తిరుగుతుందో చూసుకోండి. పట్టీ కుడివైపు ఉండి చుట్టడం తప్పు దిక్కుకు జరిగితే పట్టీ లోపలికి పోతుంది, గుడ్డ ఎండలో ఉంటుంది. ఇప్పటికే అలా ఉంటే జిబ్ విప్పి దించి, డ్రమ్ము మీద తాడును ఎదురు దిక్కుకు చుట్టుకుంటే సరిపోతుంది, మళ్లీ కుట్టించనక్కరలేదు.

తుపానుకు మాత్రం జిబ్ పడవ మీద ఉండకూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలికి చుట్టిన జిబ్‌లో ఎక్కడో ఒక బెత్తెడు మడత లేస్తుంది, అందులో గాలి దూరి మొత్తం విప్పేస్తుంది. అప్పుడు పోయేది గుడ్డ ఒక్కటే కాదు, మాస్టు, లంగరు తాడు కూడా.

పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేసేదాకా ఆగకండి. ఫాయిల్ ఉన్న ఫర్లర్ నుంచి జిబ్ దించాలంటే ముందు దాన్ని పూర్తిగా విప్పాలి, గాలి పెరిగాక అది కుదరని పని. బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండంగా మారుతోందని వార్త వచ్చిన రోజునే, పొద్దున్న గాలి పలచగా ఉండగా దించి, మడిచి ఇంటికి తీసుకుపోండి. మొదటి జవాబులో చెప్పిన తీగ లఫ్ రకానికి ఈ ఇబ్బంది లేదు. చుట్టినది చుట్టినట్టే, హాలియార్డ్ వదిలితే చుట్టతో సహా కిందికి దిగుతుంది. విశాఖలో పడవ ఉంచేవారికి ఈ ఒక్క సుగుణం కోసమైనా ఆ రకం గురించి ఆలోచించమంటాం.

రోజువారీగా కూడా, పడవ వదిలి వెళ్లేటప్పుడు తాడును పట్టి ఉంచే క్లీట్ ఒక్కదాన్నే నమ్మకండి. షీట్లు మూడు చుట్లు వేసి, చేయి అందేచోట జిబ్‌ను గుడ్డపట్టీతో కట్టండి. డ్రమ్మును కూడా చిన్న తాడుతో ముక్కు ఫిట్టింగ్‌కు కట్టేయండి.

ప్రశ్న: ఆటోనగర్‌లో లేత్ పని చేసేవారు డ్రమ్ము తయారు చేసి ఇస్తామంటున్నారు. ఫాయిల్‌కు పి.వి.సి. పైపు వాడుకోవచ్చా?
ఒక పాఠకుడు, మర్రిపాలెం

జవాబు: డ్రమ్ము గిన్నె చేయించుకోండి, నైలాన్ దిమ్మెలోంచి చక్కగా వస్తుంది. నడిమి కడ్డీ, బేరింగు విషయంలోనే జాగ్రత్త. తీగ లఫ్ రకంలో హాలియార్డ్ బిగువంతా డ్రమ్ము నడిమి కడ్డీ గుండానే ముక్కుకు చేరుతుంది. అది 316 రకం స్టీలులో ఒకే ముక్కగా ఉండాలి. మధ్యలో వెల్డింగ్ ఉంటే ఒప్పుకోకండి. మోటారు దుకాణాల్లో దొరికే మామూలు బాల్ బేరింగు ఉప్పునీటికి తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. పైగా పక్కకు తిరిగే బరువు మోసేలా చేసినది నిలువు లాగుడుకు పనికిరాదు. నిలువు బరువు మోసే థ్రస్ట్ బేరింగు, స్టెయిన్‌లెస్‌ది, వేయించండి. ఈ కారణం వల్లే డ్రమ్ము చేయించినా పై స్వివెల్ మాత్రం కొనుక్కోమంటాం. మాస్టు తల దగ్గర అది విడిపోతే జిబ్ మొత్తం నీళ్లలో పడుతుంది.

నీళ్ల పైపు ఫాయిల్‌గా వద్దు. ఎండకు పెళుసవుతుంది, పొడవునా మెలిపడుతుంది, జాయింట్ల దగ్గర ఊడుతుంది.

ప్రశ్న: కొత్త ఫర్లర్‌కు గ్రీజు ఎంతకాలానికి ఒకసారి పెట్టాలి?
ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: బేరింగు రకాన్ని బట్టి. టార్లాన్ లాంటి ప్లాస్టిక్ గుండ్లు ఉన్నదానికి అసలు పెట్టకూడదు. మన రేవు వైపు నుంచి బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము గాలిలో వస్తుంది. గ్రీజు దాన్ని పట్టుకుని గుండ్ల మధ్య ముద్దగా చేస్తుంది. పడవ ఒడ్డుకు వచ్చిన ప్రతిసారీ బకెట్టు మంచినీళ్లు డ్రమ్ములో పోస్తూ చేత్తో తిప్పండి, అంతే. పై స్వివెల్‌ను నెలకోసారి జిబ్ దించినప్పుడు కడగండి. మూసేసిన స్టీలు బేరింగులైతే వాటిలో గ్రీజు ముందే ఉంటుంది, విప్పకండి.

ఇనుప దుమ్ము స్టెయిన్‌లెస్ మీద కూర్చుని గోధుమరంగు మరకలు వేస్తుంది. అది లోపలి తుప్పు కానక్కరలేదు. కడిగి, మెత్తటి నైలాన్ పీచుతో రుద్దితే పోతుంది, ఇనుప పీచు వాడితే ఇంకా పెరుగుతుంది. అల్యూమినియం ఫాయిల్‌లోకి దిగే స్టీలు స్క్రూలకు మాత్రం బిగించే ముందే లానోలిన్ గానీ డ్యూరలాక్ పేస్టు గానీ రాయండి. రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అల్యూమినియం తెల్లపొడిగా తినుకుపోయి స్క్రూ కదలనంతగా బిగుసుకుంటుంది. ఏడాదికొకసారి ఒక్కో స్క్రూ విప్పి, పేస్టు రాసి, మళ్లీ బిగిస్తే ఆ పరిస్థితి రాదు.